కృష్ణబిలాన్ని తూచేదెట్లా?

(అనంతపురంలో డిగ్రీ విద్యార్థులు, సైన్స్ ఉపాధ్యాయుల ముందు చేసిన ప్రసంగ పాఠం. బోర్డు మీద వేసిన లెక్కలను మాటల్లోకి మార్చాం.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డ పిల్లలు ముందుకొచ్చి కూర్చోండి. బోర్డు మీద లెక్కలు చాలా ఉన్నాయి, అక్కడికి కనిపించవు.

ఫలానా గెలాక్సీ నడుమ సూర్యుడికి ఇన్ని కోట్ల రెట్లు ద్రవ్యరాశి ఉన్న కృష్ణబిలం దొరికిందని పేపర్లో తరచూ చదువుతుంటారు. ఆ అంకె ఎట్లా వచ్చిందో మాత్రం వార్తలో ఉండదు. ఏ పద్ధతిలో తూచారు, అందులో ఏమేం ఊహించుకున్నారు, తప్పితే ఎంత తప్పొచ్చు? ఇవి తెలియకుండా ఆ అంకెను నమ్మడానికీ లేదు, కొట్టిపారేయడానికీ లేదు. ఈ పూట నేను మాట్లాడేదంతా ఆ తూకం గురించే. కృష్ణబిలాల పరిశోధనలో ఇప్పుడు నడుస్తున్న పెద్ద తగాదాలు చాలావరకు తూకం తగాదాలే.

కృష్ణబిలానికి సంబంధించి మనం బయట నుంచి కొలవగలిగేవి రెండే: ద్రవ్యరాశి, భ్రమణం. సూత్రాల్లో విద్యుదావేశం కూడా ఉంటుంది గానీ, చుట్టూ ఉన్న వాయువులోంచి ఎదురు ఆవేశాన్ని లాక్కుని అది దాదాపు సున్నా అయిపోతుంది. ద్రవ్యరాశి తెలిస్తే సైజు తెలిసినట్టే. ఒక్కో సూర్యుడికి 3 కిలోమీటర్ల వ్యాసార్ధం చొప్పున లెక్క వేసుకోండి. అది చుట్టూ ఉన్న వాయువును ఎంత వేగంగా మింగగలదు, ఎంత వెలుగు ఇవ్వగలదు, ఎన్నేళ్లలో ఆ సైజుకు పెరిగి ఉంటుంది అనే లెక్కలన్నీ ద్రవ్యరాశి మీదే ఆధారపడతాయి.

మన పాలపుంత నడుమ ఉన్నదానితో మొదలుపెడదాం. దాని పేరు సజిటేరియస్ ఎ-స్టార్. ఆకాశంలో మూల నక్షత్రం తెలుసు కదా, తేలు తోక కొస. అక్కడి నుంచి పైకి, కొంచెం తూర్పుకు, ధనూరాశి అంచులో ఉంటుంది ఆ చోటు. మన అనంతపురం నుంచి చూస్తే దక్షిణ దిక్కున 46 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. హవాయిలో ఉన్న కెక్ టెలిస్కోపుకు అది 41 డిగ్రీలే ఎక్కుతుంది. అంటే ఎత్తు విషయంలో మనమే మేలు. ఆగస్టులో రాత్రి ఎనిమిది, తొమ్మిది గంటలకు, వాన మబ్బు లేకపోతే, ఊరి లైట్లకు దూరంగా వెళ్లి చూస్తే అక్కడ పాలపుంత చిక్కగా కనిపిస్తుంది. కానీ సరిగ్గా నడిమధ్య ఏముందో కంటికి ఎన్నటికీ కనిపించదు. మధ్యలో ఉన్న దుమ్ము వల్ల మామూలు కాంతి లక్ష కోట్లలో ఒక వంతే మనదాకా వస్తుంది. అందుకని 2.2 మైక్రాన్ల పరారుణ కాంతిలో చూస్తారు. ఆ కాంతిలో సుమారు పదో వంతు దుమ్మును దాటుకుని వస్తుంది.

అక్కడ ఎస్2 అని ఒక నక్షత్రం ఉంది. ఏమీ కనిపించని ఒక బిందువు చుట్టూ 16.05 ఏళ్లకు ఒక చుట్టు తిరుగుతుంది. జర్మనీకి చెందిన రైన్‌హార్డ్ గెంజెల్ బృందం చిలీలోని టెలిస్కోపులతోనూ, అమెరికాకు చెందిన ఆండ్రియా ఘెజ్ బృందం కెక్‌తోనూ దాన్ని 1990ల నుంచి వెంటాడుతూ వచ్చాయి. 2020 నోబెల్‌లో సగం ఈ ఇద్దరికి, మిగతా సగం రోజర్ పెన్‌రోజ్‌కు వచ్చింది.

ఇప్పుడు లెక్క. కెప్లర్ మూడో నియమం ఇంటర్‌లోనే చదివారు. దూరం ఖగోళ యూనిట్లలో (ఒక యూనిట్ అంటే భూమికీ సూర్యుడికీ మధ్య దూరం), కాలం సంవత్సరాల్లో పెడితే, దూరం ఘనాన్ని కాలం వర్గంతో భాగిస్తే నేరుగా సూర్యుల లెక్కలో ద్రవ్యరాశి వస్తుంది. ఎస్2 కక్ష్య అర్ధ దీర్ఘాక్షం, అంటే పొడవాటి వ్యాసంలో సగం, ఆకాశంలో 0.125 ఆర్క్‌సెకండ్లు. డిగ్రీలో 3,600వ వంతు ఒక ఆర్క్‌సెకండు. దాని దూరం 8,280 పార్సెక్‌లు, అంటే సుమారు 27,000 కాంతి సంవత్సరాలు. ఆర్క్‌సెకండ్లను పార్సెక్‌లతో గుణిస్తే ఖగోళ యూనిట్లు వస్తాయి, పార్సెక్ నిర్వచనమే అది. 0.125 ఇంటూ 8,280 అంటే 1,035. దాని ఘనం సుమారు 110 కోట్ల 87 లక్షలు. 16.05 వర్గం 257.6. భాగించండి. 43 లక్షలు వచ్చింది కదా? ఆ కృష్ణబిలానికి పరిశోధకులు చెప్పే ద్రవ్యరాశి ఇదే, 43 లక్షల సూర్యులు.

లెక్క సులువు, కొలత సులువు కాదు. వాతావరణం వల్ల నక్షత్రం బింబం అర సెకండు నుంచి ఒక సెకండు దాకా చెదిరిపోతుంది. కక్ష్యేమో 0.125. చెదిరిన బింబంలో మొత్తం కక్ష్యే మునిగిపోతుంది. దానికి విరుగుడు, సెకనుకు వందల సార్లు ఆకారం మార్చుకునే పల్చటి అద్దం. గాలి ఎట్లా వంచిందో అద్దం దానికి ఎదురుగా వంగుతుంది. ఎట్లా వంచిందో తెలియాలంటే పక్కనే ప్రకాశవంతమైన నక్షత్రం ఒకటి కావాలి. లేకపోతే లేజర్‌తో 90 కిలోమీటర్ల ఎత్తులో ఉన్న సోడియం పొరను వెలిగించి కృత్రిమ నక్షత్రం చేసుకుంటారు.

రెండో చిక్కు ఎక్కువమందికి తట్టదు. దేనితో పోల్చి స్థానం కొలుస్తున్నాం? కృష్ణబిలం రేడియోలో బాగా కనిపిస్తుంది, నక్షత్రాలు పరారుణంలో కనిపిస్తాయి. రెండు పటాలనూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోబెట్టాలి. రెండింటిలోనూ కనిపించే ముసలి ఎర్ర నక్షత్రాలు కొన్ని అక్కడ ఉన్నాయి, వాటి పొరల్లోంచి సిలికాన్ మోనాక్సైడ్ మేజర్ కిరణాలు (లేజర్ లాంటివే, కానీ రేడియో తరంగాల్లో) వస్తాయి. ఆ నక్షత్రాలను కొయ్యగుర్తులుగా పెట్టుకుని పటాలు కలుపుతారు. ఆ కలపడంలో తేడా వస్తే కక్ష్య మొత్తం పక్కకు జరుగుతుంది. పైగా అక్కడ నక్షత్రాలు కిక్కిరిసి ఉంటాయి. మసక నక్షత్రం ఒకటి ఎస్2 పక్కగా వెళ్తే రెండూ ఒకటిగా కనిపించి, స్థానం తప్పుగా నమోదవుతుంది.

అన్నిటికంటే పెద్దది దూరం. మనం కొలిచింది కోణం. దూరంతో గుణించి ఘనం చేశాం. కాబట్టి దూరంలో 1 శాతం తప్పు ద్రవ్యరాశిలో 3 శాతం తప్పవుతుంది. దీనికి చక్కటి పరిష్కారం ఉంది. వర్ణపటంలో రేఖలు జరిగినదాన్ని బట్టి నక్షత్రం మనవైపు వచ్చే, పోయే వేగం నేరుగా సెకనుకు ఇన్ని కిలోమీటర్లని తెలుస్తుంది. కోణాల్లో కక్ష్య, కిలోమీటర్లలో వేగం రెండూ చేతిలో ఉంటే దూరం కూడా అదే కక్ష్యలోంచి బయటపడుతుంది. అంటే ద్రవ్యరాశి, దూరం రెండూ ఒకే నక్షత్రం ఇచ్చేస్తుంది.

2018 మే 19న ఎస్2 కృష్ణబిలానికి అతి దగ్గరగా, 120 ఖగోళ యూనిట్ల దూరంలోకి వచ్చింది. అప్పుడు వేగం సెకనుకు 7,650 కిలోమీటర్లు. న్యూటన్ లెక్కకు, చూసిన దానికి మధ్య సెకనుకు 200 కిలోమీటర్ల దాకా తేడా వచ్చింది. ఐన్‌స్టీన్ లెక్కకు అది సరిపోయింది. 2020లో, కక్ష్య ఒక్కో చుట్టుకు 12 ఆర్క్‌నిమిషాలు తిరుగుతోందని కూడా తేల్చారు. 43 లక్షల సూర్యులను 120 యూనిట్ల లోపల మామూలు నక్షత్రాలుగానో, చచ్చిన నక్షత్రాల గుంపుగానో పెట్టలేం. అవి ఒకదానితో ఒకటి ఢీకొని కలిసిపోవాలి, లేదా చెదిరిపోవాలి. అందుకే ఇన్ని తూకాల్లోనూ నేను ముందు నమ్మేది దీన్నే.

ఇలాగే నక్షత్రం కదలికతోనే తూచినది మరొకటి మనకు చాలా దగ్గర్లో ఉంది. గయా ఉపగ్రహం కనిపెట్టిన బీహెచ్3. 2024 ఏప్రిల్‌లో ప్రకటించారు. శ్రవణ నక్షత్రం ఉన్న గరుడ మండలంలో, సుమారు 2,000 కాంతి సంవత్సరాల దూరంలో, 33 సూర్యుల ద్రవ్యరాశితో ఉంది. అది ఏ వెలుగూ ఇవ్వదు. తోడు నక్షత్రం 11.6 ఏళ్లకోసారి ఊగుతుంటే పట్టుకున్నారు. ఆ తోడు నక్షత్రం ప్రకాశ పరిమాణం 11 చిల్లర, చీకటి ఆకాశంలో 6 అంగుళాల టెలిస్కోపుకు అందుతుంది.

ప్రశ్న: మేడం, కృష్ణబిలాన్ని ఫొటో తీశారు కదా. ఫొటో నుంచే తూచేయొచ్చు కదా?

తూచొచ్చు నాయనా, తూచారు. ఆ ఫొటో విలువ దాని అందంలో కంటే, చాన్నాళ్లుగా నడుస్తున్న తగాదాను తీర్చడంలో ఉంది. అదే చెప్తాను.

ఎం87 అనే గెలాక్సీ కన్యారాశిలో ఉంది, 5.5 కోట్ల కాంతి సంవత్సరాల దూరం. అది మన నడినెత్తి మీదుగా పోతుంది. అనంతపురంలో, కడపలో నడినెత్తికి రెండు డిగ్రీల చిల్లర తేడాతో, కర్నూలులో మూడున్నర డిగ్రీల లోపు తేడాతో. మార్చి నెలాఖరున అర్ధరాత్రి తలెత్తి చూస్తే సరిగ్గా అక్కడే. 6 అంగుళాల టెలిస్కోపులో చిన్న మసక మచ్చలా కనిపిస్తుంది.

అంత దూరంలో ఒక్కో నక్షత్రాన్నీ విడిగా చూడలేం. గుంపుగా చూడాలి. 2011లో గెలాక్సీ నడుమ నక్షత్రాల వేగాలను బట్టి ఒక బృందం సుమారు 660 కోట్ల సూర్యులని లెక్క తేల్చింది. 2013లో మరో బృందం అక్కడే తిరిగే వాయువు వేగాన్ని బట్టి 350 కోట్లని చెప్పింది. ఒకే వేరుశనగ లోడును రెండు కాటాల మీద పెడితే ఒకటి రెండోదానికి దాదాపు రెట్టింపు చూపించినట్టు. రెండు బృందాల చేతిపనీ శుభ్రమైనదే. తేడా ఊహల్లో ఉంది. వాయువు పల్చటి పళ్లెంలా, మనకు ఫలానా వాలులో, గుండ్రంగా తిరుగుతోందని వాయువు లెక్క అనుకుంటుంది. వాయువును తోసేవి, చెదరగొట్టేవి చాలా ఉంటాయి, ముఖ్యంగా నడుమ నుంచి అంత పెద్ద జెట్, అంటే వాయు ధార, ఎగజిమ్ముతున్న గెలాక్సీలో. వాలు కోణం కొద్దిగా తప్పినా వేగం తప్పుతుంది, వేగం వర్గంతో ద్రవ్యరాశి తప్పుతుంది. నక్షత్రాల లెక్కకేమో నక్షత్రాలు ఏ దిక్కుల్లో కదులుతున్నాయి, చీకటి పదార్థం ఎంత ఉంది అనే ఊహలు కావాలి.

మూడో కాటా 2017 ఏప్రిల్‌లో వచ్చింది. ఆరు చోట్ల ఉన్న ఎనిమిది రేడియో టెలిస్కోపులను కలిపారు. దక్షిణ ధ్రువంలో ఉన్నదానికి ఎం87 కనిపించదు, మిగతా ఏడూ 1.3 మిల్లీమీటర్ల తరంగదైర్ఘ్యంలో, ఒకేసారి దాన్ని చూశాయి. పేరు ఈవెంట్ హొరైజన్ టెలిస్కోప్. టెలిస్కోపు ఎంత చిన్న కోణాన్ని విడదీస్తుందో తెలియాలంటే తరంగదైర్ఘ్యాన్ని వెడల్పుతో భాగించాలి. వాటి మధ్య గరిష్ఠ దూరం సుమారు 10,700 కిలోమీటర్లు. 1.3 మిల్లీమీటర్లను దానితో భాగిస్తే 25 మైక్రో ఆర్క్‌సెకండ్లు వస్తుంది, మైక్రో అంటే పది లక్షల్లో ఒక వంతు. భూమి మీద నుంచి ఆ తరంగదైర్ఘ్యంలో ఇంతకంటే పెద్దగా మెరుగుపరచలేం, ఎందుకంటే భూమి వెడల్పే అంత.

ఇక్కడ ఏమేం చెడిపోగలవో చూడండి. గాలిలో తేమ ఈ తరంగాలను మింగుతుంది, అందుకే టెలిస్కోపులు ఎత్తైన పొడి ప్రదేశాల్లో ఉంటాయి. చిలీలోని ఆల్మా 5,000 మీటర్ల ఎత్తులో ఉంది. అన్ని చోట్లా ఒకేరోజు ఆకాశం బాగుండాలి. ప్రతి చోటా హైడ్రోజన్ మేజర్ అనే అతి కచ్చితమైన గడియారం ఉండాలి, లేకపోతే తరంగాలను తర్వాత కలపలేం. వచ్చిన డేటా ఇంటర్నెట్‌లో పంపగలిగినంత కాదు. హార్డ్‌డిస్కుల్లో నింపి విమానాల్లో అమెరికాలోని హేస్టాక్‌కు, జర్మనీలోని బాన్‌కు తెచ్చారు. అంత ఎత్తులో గాలి పల్చన కాబట్టి మామూలు డిస్కులు మొరాయిస్తాయి, హీలియం నింపి మూసిన డిస్కులు వాడారు. దక్షిణ ధ్రువం నుంచి రావాల్సిన డిస్కుల కోసం అక్కడి చలికాలం గడిచేదాకా ఆగాల్సి వచ్చింది, ఆ నెలల్లో అక్కడ విమానాలు దిగవు.

చిత్రం కట్టడంలోనే అసలు ప్రమాదం ఉంది. ఇన్ని కొద్ది టెలిస్కోపులతో ఆకాశం సమాచారం పూర్తిగా అందదు. ఖాళీలు ఉంటాయి. అదే డేటాకు సరిపోయే చిత్రాలు చాలా గీయొచ్చు. ఉంగరం వస్తుందని ముందే ఆశపడితే ఉంగరమే వచ్చే అవకాశం ఉంది. అందుకే పనివాళ్లను నాలుగు జట్లుగా విడదీసి, ఒకరి చిత్రం మరొకరికి చూపకుండా విడివిడిగా చేయించారు. నాలుగు జట్లకూ ఉంగరమే వచ్చింది. 2019 ఏప్రిల్ 10న బయటపెట్టారు.

ఇప్పుడు తూకం. ఉంగరం వ్యాసం 42 మైక్రో ఆర్క్‌సెకండ్లు. దూరంతో గుణిస్తే 10,500 కోట్ల కిలోమీటర్లు. సాపేక్ష సిద్ధాంతం ప్రకారం వెలిగే ఉంగరం వ్యాసం, కృష్ణబిలం గురుత్వ పొడవుకు సుమారు 11 రెట్లు ఉంటుంది. గురుత్వ పొడవంటే మొదట చెప్పిన 3 కిలోమీటర్లలో సగం, సూర్యుడికి 1.48 కిలోమీటర్లు. 10,500 కోట్లను 11తో, ఆ పైన 1.48తో భాగించండి. 645 కోట్లు దగ్గర్లో వచ్చిందా? వాళ్లు ప్రకటించింది 650 కోట్లు, అటూ ఇటూ 70 కోట్లు. నక్షత్రాల కాటా సరైనదే. వాయువు కాటా తప్పింది. ఆ 11 అనే అంకె కూడా కంప్యూటర్ నమూనాల నుంచి వచ్చిందే అని గుర్తుపెట్టుకోండి. వాయువు ఎట్లా పడుతోందన్న దాన్ని బట్టి అది కొంచెం మారుతుంది. ఆ 70 కోట్ల అనిశ్చితిలో పెద్ద భాగం అక్కడిదే.

మన పాలపుంతది కూడా అదే 2017లో చూశారు గానీ చిత్రం 2022 మే 12న గానీ రాలేదు. కారణం సులువే. మనది 1,500 రెట్లు చిన్నది. దాని చుట్టూ వాయువు నిమిషాల్లో మారిపోతుంది. ఒక రాత్రంతా చూసి చిత్రం కట్టాలంటే ఆ రాత్రిలో వస్తువే ఎన్నోసార్లు మారింది. ఎం87 అయితే రోజుల తరబడి అట్లాగే ఉంటుంది. చివరికి మన ఉంగరం 52 మైక్రో ఆర్క్‌సెకండ్లు వచ్చింది. ఎస్2 ఇచ్చిన 43 లక్షల నుంచి, ఉంగరం నడుమ కనిపించే నల్లటి నీడ వ్యాసం లెక్కేస్తే 53 రావాలి. సంబంధం లేని రెండు కాటాలు ఒకే మాట చెప్పాయి.

ఇక గురుత్వాకర్షణ తరంగాలు. ఇక్కడ వెలుగు అవసరమే లేదు. రెండు కృష్ణబిలాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ కలిసేటప్పుడు దేశకాలం అలలుగా కదులుతుంది. 2015 సెప్టెంబర్ 14న అమెరికాలో, ఈ అలలను పట్టడానికే కట్టిన రెండు లైగో కేంద్రాలు (హాన్‌ఫర్డ్, లివింగ్‌స్టన్) మొదటిసారి పట్టాయి. ఒక్కో కేంద్రానికి ఎల్ ఆకారంలో రెండు భుజాలు, ఒక్కో భుజం 4 కిలోమీటర్లు. ఆ పొడవులో వచ్చిన మార్పు పొడవులో కోటి కోట్ల కోటో వంతుకు అటూ ఇటూ, అంటే ప్రోటాన్ వెడల్పులో వందో వంతు కంటే కూడా తక్కువ. సంకేతం 0.2 సెకను ఉంది. ఫ్రీక్వెన్సీ 35 నుంచి 250 హెర్ట్జ్‌కు ఎగబాకింది.

తూకం ఆ ఎగబాకడంలోనే ఉంది. ఏ ఫ్రీక్వెన్సీలో ఉంది, అది ఎంత త్వరగా పెరుగుతోంది అన్న రెండూ కలిపితే చిర్ప్ ద్రవ్యరాశి అనే ఒక అంకె వస్తుంది. రెండు బిలాల ద్రవ్యరాశుల కలయిక అది. ఆ మొదటి ఘటనలో అది 30 దగ్గర. అంటే మొత్తం 65, 70 సూర్యులకు తక్కువ ఉండదు. కలిసే ముందు అవి సెకనుకు 75 చుట్లు తిరుగుతున్నాయి. అంత ద్రవ్యరాశి అంత వేగంగా తిరగాలంటే వాటి మధ్య దూరం 350 కిలోమీటర్లే ఉండాలి, ఇక్కడి నుంచి హైదరాబాదుకు రోడ్డు దూరమంత. 70 సూర్యుల ద్రవ్యరాశిని అందులో ఇరికించగలిగింది కృష్ణబిలం ఒక్కటే. చివరికి 36, 29 కలిసి 62 అయ్యాయి. మిగతా 3 సూర్యుల ద్రవ్యరాశి తరంగాల రూపంలో పోయింది.

ఈ కాటా లోపం చెప్తాను. విశ్వం వ్యాకోచం వల్ల తరంగం సాగుతుంది, ఫ్రీక్వెన్సీ తగ్గుతుంది. తగ్గిన ఫ్రీక్వెన్సీ, బరువైన బిలం రెండూ ఒకేలా కనిపిస్తాయి. మనం కొలిచేది అసలు ద్రవ్యరాశి కాదు, దాన్ని దూరం పెంచిన అంకె. దూరం అలల ఎత్తు నుంచి తీయాలి. కానీ పక్కకు వాలిన దగ్గరి జంట, ఎదురుగా ఉన్న దూరపు జంట ఒకే ఎత్తు అలలు పంపుతాయి. వాలు తెలియకపోతే దూరం తేలదు, దూరం తేలకపోతే ద్రవ్యరాశి తేలదు. ఇంకోటి, బిలాలు ఎంత పెద్దవైతే సంకేతం అంత కురచ. 2023 నవంబర్ 23న దొరికిన ఘటనలో చివరి బిలం 225 సూర్యుల దాపు, ఇప్పటిదాకా తరంగాల్లో చూసినవాటిలో అతి పెద్దవాటిలో ఒకటి. కానీ వాడుకోవడానికి కొన్ని అలలే దొరికాయి. అందుకే దాని అంకెకు అటూ ఇటూ చాలా వెడల్పు ఉంది. నక్షత్రం కూలి అంత పెద్ద బిలాలు రాకూడదని సిద్ధాంతం చెప్తుంది, చిన్నవి కలిసి అవి అయ్యాయేమో అనే చర్చ నడుస్తోంది.

దానికి భిన్నంగా 2025 జనవరి 14న వచ్చిన సంకేతం ఇప్పటివరకు అతి స్పష్టమైనవాటిలో ఒకటి. మొదటి ఘటనలాంటి జంటే, కానీ పదేళ్లలో పరికరాల్లో గోల ఎంతో తగ్గింది. ముందున్న రెండు బిలాల ఉపరితల వైశాల్యం కలిపి 2,40,000 చదరపు కిలోమీటర్లు, కలిసిన తర్వాత 4,00,000. వైశాల్యం ఎన్నటికీ తగ్గదని హాకింగ్ 1971లో చెప్పిన సూత్రానికి ఇంత గట్టి పరీక్ష అంతకుముందు జరగలేదు. మహారాష్ట్ర హింగోలి జిల్లా ఔంఢా దగ్గర లైగో-ఇండియాకు 2023లో కేంద్ర మంత్రివర్గం ఆమోదం ఇచ్చింది. అది పనిచేయడం మొదలైతే సంకేతం ఆకాశంలో ఏ మూల నుంచి వచ్చిందో చాలా బాగా తేలుతుంది. ఇక్కడున్న ఇంజినీరింగ్ పిల్లలు దాని మీద కన్నేసి ఉంచండి.

ఇప్పుడు కష్టమైన చోటుకు వచ్చాం. అతి దూరపు గెలాక్సీల నడుమ ఉన్నవి. అక్కడ నక్షత్రం కక్ష్య లేదు, ఉంగరం కనిపించదు, వాటి అలలు లైగోకు అందవు. ఉన్నదల్లా వర్ణపటం. బిలం దగ్గర వాయువు వేగంగా తిరుగుతుంది కాబట్టి హైడ్రోజన్ రేఖ వెడల్పుగా సాగుతుంది. వెడల్పు నుంచి వేగం వస్తుంది. వేగం వర్గాన్ని దూరంతో గుణిస్తే ద్రవ్యరాశి. ఆ వాయువు బిలానికి ఎంత దూరంలో ఉంది? దగ్గరి గెలాక్సీల్లో దీన్ని ప్రతిధ్వనితో కొలుస్తారు. బిలం దగ్గర వెలుగు పెరిగిన ఎన్ని రోజులకు వాయువు రేఖ వెలుగు పెరిగిందో చూస్తారు. 20 రోజులైతే 20 కాంతి రోజుల దూరం. నెలల తరబడి వదలకుండా చూడాలి, వాన కాలం వచ్చి మధ్యలో ఖాళీ పడితే ప్రతిధ్వని చేజారిపోతుంది. అట్లా కొలిచినవాటిని బట్టి, ఇంత వెలుగు ఉంటే ఇంత దూరం అని ఒక సంబంధం కట్టారు. దూరపు గెలాక్సీలకు ఆ సంబంధాన్నే అప్పు తెచ్చుకుంటారు. వాయువు ఆకారం తెలియదు కాబట్టి మరో గుణకం కూడా పెడతారు, నాలుగైదు దాపులో. ఇన్ని అప్పులున్న లెక్కలో మూడు రెట్ల తేడా మామూలు.

జేమ్స్ వెబ్ టెలిస్కోపు 2022లో పని మొదలుపెట్టినప్పటి నుంచి, విశ్వం పుట్టిన మొదటి వంద, నూటయాభై కోట్ల ఏళ్లలో చిన్న ఎర్ర చుక్కలు వందలుగా కనిపిస్తున్నాయి. వాటి రేఖల వెడల్పు సెకనుకు వేల కిలోమీటర్లు. పై లెక్క వేస్తే కోట్ల సూర్యుల బిలాలు వచ్చాయి. మన చుట్టూ ఉన్న గెలాక్సీల్లో బిలం ద్రవ్యరాశి నక్షత్రాల ద్రవ్యరాశిలో వెయ్యో వంతు దాపు. ఆ చుక్కల్లో పదో వంతు, ఒక్కోసారి సమానం! పైగా కృష్ణబిలాలు మామూలుగా ఇచ్చే ఎక్స్‌రేలు వీటిలో చాలావాటికి లేవు.

2025లో ఒక బృందం అడిగింది, ఆ వెడల్పు అసలు వేగం వల్లే వచ్చిందా అని. బిలం చుట్టూ దట్టమైన వాయువు గూడులా ఉంటే, అందులోని ఎలక్ట్రాన్లు కాంతిని మళ్లీ మళ్లీ చెదరగొట్టి రేఖను సాగదీస్తాయి. రేఖ ఆకారం చూస్తే కొన్నింటిలో అట్లాగే ఉంది, అడుగున సన్నటి రేఖ, దానికి సాగిన రెక్కలు. అదే నిజమైతే ద్రవ్యరాశి పది నుంచి వంద రెట్లు తగ్గిపోతుంది. ఎక్స్‌రేలు బయటికి రాకపోవడానికీ ఆ గూడే కారణం కావచ్చు.

ఇది ఎంత పెద్ద తేడానో లెక్కేసి చూద్దాం. కృష్ణబిలం ఎంత త్వరగా మింగినా, తన వెలుగే వాయువును వెనక్కి తోస్తుంది. ఆ హద్దులో పెరిగితే ద్రవ్యరాశి 2.7 రెట్లు కావడానికి సుమారు 5 కోట్ల ఏళ్లు పడుతుంది. 100 సూర్యుల విత్తనంతో మొదలై 5 కోట్ల సూర్యులు కావాలంటే 5 లక్షల రెట్లు పెరగాలి. సహజ లాగరిథం 13.1. ఇంటూ 5 కోట్లు, 65 కోట్ల ఏళ్లు, క్షణం ఆగకుండా తింటూనే ఉండాలి. విశ్వం వయసు 75 కోట్ల ఏళ్లప్పుడు ఆ బిలం కనిపిస్తే, మొదటి నక్షత్రాలు పుట్టడానికి 10 కోట్లే మిగులుతాయి. అతి బిగుతు. అదే తూకం పది రెట్లు తక్కువైతే 11 కోట్ల ఏళ్లకు పైగా కలిసొస్తుంది. తక్కువ కాకపోతే, పుట్టుకతోనే పదివేల, లక్ష సూర్యుల బిలాలు ఉండాలి, లేదా హద్దు దాటి మింగి ఉండాలి. ఒక్క గుణకం మీద విశ్వం బాల్యం కథ అటో ఇటో మారుతుంది.

అందుకే ఏబెల్ 2744 అనే గెలాక్సీల గుంపు వెనుక ఉన్న క్యూఎస్ఓ1 నాకు చాలా ముఖ్యమైనదిగా అనిపిస్తుంది. ముందున్న గుంపు గురుత్వం భూతద్దంలా పనిచేసి దాన్ని పెద్దది చేసి మూడు బింబాలుగా చూపిస్తోంది. సరిగ్గా ఆ 75 కోట్ల ఏళ్ల వయసులోనిది. రేఖ వెడల్పును నమ్ముకోకుండా, దాని చుట్టూ వాయువు కేంద్రానికి దూరమయ్యేకొద్దీ వేగం ఎట్లా తగ్గుతోందో నేరుగా 2025లో కొలిచారు. కెప్లర్ నియమమే, ఎస్2కు వాడినదే. 5 కోట్ల సూర్యులు వచ్చింది. వేగం తగ్గే తీరు ద్రవ్యరాశి దాదాపు మొత్తం నడుమే ఉందని చెప్తోంది, చుట్టూ నక్షత్రాలకు పెద్దగా చోటు లేదు. ఇది ఒక్కటే, మిగతా చుక్కలన్నీ ఇట్లాగే ఉంటాయని చెప్పలేం. అయితే 2024లో ఇదే తరహా నేరు కొలతతో, 1,100 కోట్ల ఏళ్ల కిందటి ఒక క్వేజార్‌లో (వాయువును మింగుతూ అతి ప్రకాశంగా వెలిగే గెలాక్సీ నడుమ) బిలం 32 కోట్ల సూర్యులే ఉందని, దాని గెలాక్సీకి అది తేలిక అని గ్రావిటీ అనే పరికరంతో పనిచేసే బృందం చూపించింది. ఒకటి బరువైంది, ఒకటి తేలికైంది. ఇంకా చాలా నేరు తూకాలు కావాలి.

ప్రశ్న: మేడం, మా కాలేజీలో పెద్ద టెలిస్కోపు లేదు. మేం ఇందులో ఏం చేయగలం?

లాప్‌టాప్, పైథాన్ ఉంటే చాలు. లైగో మొదటి ఘటన డేటా అందరికీ ఉచితం. 32 సెకన్ల ఫైలు, సెకనుకు 4,096 కొలతలది తీసుకోండి, ఒక ఎంబీ దాపు ఉంటుంది. తెరిచి గీస్తే అలల గుర్తే కనిపించదు, తక్కువ ఫ్రీక్వెన్సీ గోలే నిండి ఉంటుంది. ముందు రెండు అంచులనూ మెల్లగా సున్నాకు దించండి. ఇది మరిచిపోతే ఫూరియర్ లెక్కతో సంకేతాన్ని ఫ్రీక్వెన్సీలుగా విడదీసినప్పుడు అంచుల నుంచి లేని అలలు పుట్టుకొస్తాయి. తర్వాత ప్రతి ఫ్రీక్వెన్సీనీ అక్కడి గోలతో భాగించి సమం చేయండి, 35 నుంచి 350 హెర్ట్జ్ మధ్య మాత్రం ఉంచండి. 60, 120, 180 దగ్గర నిట్టనిలువు గీతలు కనిపిస్తాయి, అవి కరెంటువి. మన కరెంటు 50 హెర్ట్జ్, వాళ్లది 60, ఆ తేడా చూసి కంగారు పడొద్దు. 500 దగ్గరవి అద్దాలను వేలాడదీసిన తీగల మోత.

హాన్‌ఫర్డ్ గీతను తిరగేసి 7 మిల్లీసెకన్లు జరిపితే లివింగ్‌స్టన్ గీత మీద కూర్చోవాలి. కూర్చుంటే, గీత సున్నాను దాటే సమయాలన్నీ రాసుకోండి. వాటి నుంచి ఒక్కో చోట ఫ్రీక్వెన్సీ తీసి, దాన్ని మైనస్ ఎనిమిది బై మూడు ఘాతానికి పెంచి, సమయంతో గ్రాఫ్ గీయండి. కలవడానికి ముందు దాకా బిందువులు దాదాపు సరళరేఖ మీద పడతాయి. దాని వాలు నుంచి చిర్ప్ ద్రవ్యరాశి వస్తుంది. మీకు 30కీ 40కీ మధ్య రావాలి. 100 దాపులో వస్తే ఒక్కటి చూసుకోండి: వరుసగా రెండుసార్లు సున్నా దాటడానికి పట్టేది సగం ఆవర్తనమే. దాన్ని పూర్తి ఆవర్తనం అనుకుంటే ఫ్రీక్వెన్సీ సగమవుతుంది, ద్రవ్యరాశి మూడు రెట్లవుతుంది. కలిసిన తర్వాతి బిందువులను గ్రాఫ్‌లో పెట్టకండి, అక్కడ ఈ సూత్రం చెల్లదు.